నీళ్ల ట్యాంకు మీది గంట

ముప్పై ఆరేళ్ల కిందట, జూలై ఒకటవ తేదీ ఉదయాన, కొత్త బూట్లు కరిచి కుంటుకుంటూ జంక్షన్ స్టేషన్‌లో అడుగుపెట్టి సహాయ స్టేషన్ మాస్టరుగా బాధ్యతలు స్వీకరించిన ఇరవై నాలుగేళ్ల యువకులూ, ఈ నెలాఖరున మన కార్యాలయంలోని విన్నపాల విభాగం నుండి పదవీ విరమణ చేస్తున్న పెద్దలూ ఒక్కరే, మనందరం గంట మాస్టారని పిలుచుకునే వారే. ఆ పిలుపు ఎలా వచ్చిందో మనలో చాలామందికి తెలియదు. గంట కొట్టినట్టు వేళకు వస్తారు కనుక అని కొందరు, గంటకొక మాట మాట్లాడతారు కనుక అని కొందరు ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నారు. రెండూ నిజమే గాని, పేరు వచ్చింది వాటివల్ల కాదు.

ఈ సంచికకు వ్యాసం రాసే భారం పక్క టేబులు వారి మీద పడింది. వివరాలు అడిగితే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పొగిడేటట్టయితే వద్దు. నా గురించి రాయడానికేముంది? ఆ స్టేషను గురించి రాయి. జరిగింది జరిగినట్టు రాయి. మా ఆవిడ కూడా చదువుతుంది, అబద్ధముంటే పట్టేస్తుంది," అన్నారు. ఆయన జీవితాన్నీ ఆ స్టేషను చరిత్రనూ విడదీయడం ఎవరి తరమూ కాదు గనుక, రెండూ కలిపే ఇక్కడ విన్నవించడమైనది. శుభకార్యం వంటి ఈ సందర్భంలో ఇందులో శుభం తక్కువగా ఉన్నదని తోచిన వారు మన్నించాలి.

జంక్షన్‌లో గడిపిన అయిదేళ్లలో మాస్టారు ఉద్యోగం నేర్చుకున్నారు, వివాహం చేసుకున్నారు, పై అధికారి ఇచ్చిన ఒక తప్పుడు ఆదేశాన్ని ఎంతో గౌరవంగా తప్పని చెప్పి బదిలీ కూడా సంపాదించుకున్నారు. బదిలీ అయిన చోటు పేరు వినగానే తోటివారు పరామర్శకు వచ్చినట్టు వచ్చి కూర్చుని వెళ్లారట. ఆ అనుభవం మాస్టారికి నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పింది. అవసరానికి మించి నేర్పిందన్న సంగతి చాలా ఏళ్ల తరువాత గాని తేలలేదు.

ఆ స్టేషను కథ నీటితో మొదలయింది. కొండ దగ్గరి క్వారీ నుండి రాళ్లు మోసుకుపోయే బండ్ల కోసం వేసిన ఒంటి లైను అది. ఇంజన్లకు దాహం వేసే చోట ఒక తీపి నీళ్ల బావి దొరకడంతో, బావి పక్కన నాలుగు ఇనుప కాళ్ల మీద ఎత్తయిన నీళ్ల ట్యాంకు, ట్యాంకు నీడన ఒక గది, గది ముందు రేకుల పంచ, ఆ తరువాత ఒక ప్లాట్‌ఫారం వెలిశాయి. కొన్నేళ్లకు కొండ అరిగి క్వారీ మూతపడింది. మరికొన్నేళ్లకు నీళ్లు తాగని ఇంజన్లు వచ్చి ట్యాంకు ఎండిపోయింది. పుట్టడానికి ఉన్న కారణాలు రెండూ పోయినా స్టేషను పోలేదు, ఎందుకంటే అప్పటికే పొలాల అవతలి ఊరికి అది అలవాటయింది. పట్నంలో ఆసుపత్రికి వెళ్లాలన్నా, కాలేజీకి వెళ్లాలన్నా, కూరగాయలు అమ్ముకోవాలన్నా ఉన్నది ఆ ఒక్క రైలే. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేది. టైంటేబుల్లో దానికొక వేళ ఉండేది గాని, ఆ వేళను రైలు ఎన్నడూ మనసుకు పట్టించుకోలేదు. ఒకనాడు అరపూట ఆలస్యమైతే మరునాడు ముప్పావుగంట, ఆపై రోజు దాని దయ, మన ప్రాప్తం.

అందువల్ల జనం తెల్లవారుతూనే వచ్చి ఆ రేకుల పంచన పడిగాపులు పడేవారు. మాస్టారు చేరిన మొదటి వేసవిలో, ఊళ్లో కూరల పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ, వంకాయల బుట్ట పక్కన పెట్టుకుని రైలు కోసం చూసి చూసి, ఎండకు తాళలేక ప్లాట్‌ఫారం మీదే సొమ్మసిల్లి పడిపోయింది. మాస్టారూ, బండిని ఒక లైను నుండి మరో లైనుకు మళ్లించే పాయింట్లు మార్చే పాయింట్స్‌మనూ కలిసి ఆమెను గదిలోకి మోసుకొచ్చి ముఖాన నీళ్లు చల్లారు. ఆమె కళ్లు తెరిచి మొట్టమొదట అన్న మాట, "నీ రైలుకంటే మా ఎద్దు నయం నాయనా, తోక మెలిపెడితే కదులుతుంది" అని. వెనుక నిలబడి ఏడుస్తున్న ఆమె కూతురు కూడా నవ్విందట.

మాస్టారు మాత్రం నవ్వలేదు. స్టేషన్లో గంట అంటే పంచన వేలాడదీసిన ఒక రైలు పట్టా ముక్క, కొట్టడానికి ఒక ఇనుప కడ్డీ. ముందు స్టేషను నుండి రైలు బయలుదేరిందని ఫోను రాగానే మొదటి గంట, రైలు సిగ్నలు దగ్గర కనబడగానే రెండో గంట కొట్టేవారు. పంచన కొడితే అది పంచలో ఉన్నవాళ్లకే వినబడుతుంది. వాళ్లు ఎలాగూ అక్కడే ఉన్నారు గదా, వాళ్లకు గంటెందుకు? ఆ ఆలోచన రావడమే తడవుగా మాస్టారు పాయింట్స్‌మన్‌ను వెంటబెట్టుకుని నిచ్చెనెక్కి, ఎండిపోయిన నీళ్ల ట్యాంకు నెత్తిన ఆ పట్టాముక్కను కట్టించారు. లోపల ఖాళీ ట్యాంకు, పైన పట్టాముక్క. కొడితే ఊరు దాటి వినబడింది. ముందు స్టేషను నుండి రైలు రావడానికి పట్టే సమయమూ, ఊరి నుండి గట్ల వెంట స్టేషనుకు నడిచే సమయమూ ఇంచుమించు ఒకటే కావడం ఆ ఊరి అదృష్టం. ఇక ఎవరూ ప్లాట్‌ఫారం మీద పడిగాపులు పడలేదు. మొదటి గంట వినగానే కూరల పెద్దమ్మ తన వీధి మొదటి నుండి చివరి దాకా "గంటయింది, లేవండి" అని కేకేసుకుంటూ వచ్చేది. ఆ బాధ్యత ఆమెకు ఎవరూ అప్పగించలేదు, తానే నెత్తినేసుకుంది. రెండో గంటకు ఊరు ఊరంతా బుట్టలతో, పుస్తకాలతో, మందుల సీసాలతో గట్టు దిగి ప్లాట్‌ఫారం ఎక్కేది. మాస్టారికి గంట మాస్టారన్న పేరు పెట్టింది కూడా ఆమే.

ఈ ఘనకార్యానికి మన శాఖ ఆయనను ఊరికే వదిలిపెట్టలేదు. శాఖ ఆస్తిని నిర్ణీత స్థలం నుండి అనుమతి లేకుండా తరలించినందుకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. "గంట ఉన్నది వినబడడానికేనన్న దురభిప్రాయంతో ఈ పని చేసితిని, మన్నించగలరు" అని మాస్టారు జవాబు రాశారు. దానిమీద పై అధికారి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఫైలు పడుకుంది, గంట పైనే ఉండిపోయింది. అలా ఇరవై ఏళ్లు ఒక ఊరు ఊరంతా, అనుమతి లేని గంట విని రైలెక్కింది. ఆ ఇళ్లలో గడియారం చూసి బయలుదేరడమన్నది పిల్లలకు కూడా తెలియకుండా పోయింది.

తరువాత రోడ్డు పడింది, చిన్న స్టేషన్లను తగ్గించాలన్న నిర్ణయమూ వచ్చింది. ఏది ఉంచాలో ఏది మూయాలో తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఒకటి, మోటారు ట్రాలీ మీద లైను పొడుగునా తిరుగుతున్నదని కబురు వచ్చింది. జంక్షన్‌లోని పాత మిత్రుడొకరు ఫోను చేసి, "వాళ్లకు సాకు కావాలి మాస్టారూ. చిన్న తప్పు దొరికితే చాలు, అదే రాసి మూసేస్తారు. అంతా రూలు ప్రకారం ఉండేట్టు చూసుకోండి," అని హెచ్చరించారు. మాస్టారు గోడలకు సున్నం వేయించారు, ఇసుక బకెట్లకు ఎర్రరంగు పూశారు, సిగ్నలు దీపాలు తళతళలాడించారు. కమిటీ వచ్చే రోజు ఉదయం ట్యాంకు వైపు చూసేసరికి, ఆయనకు ఇరవై ఏళ్ల కిందటి మెమో గుర్తుకు వచ్చింది. స్టేషన్ మొత్తంలో రూలుకు విరుద్ధమైనది ఆ గంట ఒక్కటే.

"దాన్ని దింపి పంచలో కట్టెయ్," అన్నారు.

పాయింట్స్‌మన్ తల గోక్కున్నారు. "కింద కొడితే ఊరికి వినపడదు కదయ్యా?"

"ఒక్కరోజే కదా. కట్టేసి, నువ్వు పరుగున ఊళ్లోకెళ్లి పెద్దమ్మకి చెప్పిరా. ఇవాళ గంట కోసం చూడొద్దు, ముందే వచ్చి కూర్చోమను."

పాయింట్స్‌మన్ గంట దింపి, పంచలో కట్టి, తువ్వాలు భుజాన వేసుకునే లోపునే, చెప్పిన వేళకంటే బాగా ముందు ట్రాలీ వచ్చి నిలబడింది. ట్రాలీని పక్క లైనులోకి మళ్లించాలి, పాయింట్లు కదలకుండా కాపు కాయాలి. ఆయన అక్కడి నుండి కదలడానికి వీల్లేకపోయింది. ఎలాగూ అలవాటు మీద నలుగురైనా వస్తారులే అని మాస్టారు తనకు తాను ధైర్యం చెప్పుకున్నారు. ఆ అలవాటును మాన్పించింది తానేనని ఆ కంగారులో ఆయనకు తట్టలేదు.

ఫోను వచ్చింది. పంచన మొదటి గంట మోగింది. కమిటీ పెద్ద తలెత్తి, చక్కగా రూలు ప్రకారం కట్టిన గంటను చూసి, మెచ్చుకోలుగా తల పంకించారు. రెండో గంట మోగింది. రైలు వచ్చి ఆగింది. ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఎండ తప్ప మరేమీ లేదు. ఒక్క ప్రాణి ఎక్కలేదు. మాస్టారు ఏదో ఒక వంకతో రైలును ఆపగలిగినంత సేపు ఆపారు, చివరికి పచ్చజెండా ఊపక తప్పలేదు. రైలు కూత విని అప్పుడు మేలుకున్నది ఊరు. బుట్టలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను లాక్కుంటూ, ఏభై అరవై మంది గట్ల మీదుగా పరుగెత్తుకొచ్చేసరికి చివరనున్న గార్డు పెట్టె కూడా మలుపు తిరిగిపోయింది.

ట్రాలీ ఎక్కుతున్న కమిటీ పెద్ద ఆ జనాన్ని చూసి నవ్వారు. "చూశారా మాస్టారూ? ఎక్కేవాడు ఒక్కడు లేడు గాని, చూడ్డానికి మాత్రం ఊరంతా వచ్చింది!"

"వాళ్లు ఎక్కేవాళ్లేనండి. గంట వినపడక..."

"వినపడకపోవడమేంటి? నేను విన్నానుగా, రెండుసార్లు."

ఆ తరువాత ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. గంట ఇరవై ఏళ్లు పైన ఉండేది, ఈ పొద్దునే దింపించానని ఒక్క వాక్యం. తప్పుడు ఆదేశాన్ని తప్పని చెప్పి బదిలీ అయిన ఆ నోరు, ఆ రోజు తెరుచుకోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. అది ఇంత అక్షరాలా జరగడం మాస్టారు అక్కడే నిలబడి చూశారు. ట్రాలీ వెళ్లిపోయాక కూరల పెద్దమ్మ కూతురి భుజం ఆసరాతో ఆయాసపడుతూ దగ్గరకు వచ్చింది. అప్పటికి ఆమె మూత్రపిండాలు చెడిపోయి, వారానికి రెండుసార్లు పట్నం ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకుంటూ ఉండేది.

"నా చెవులు పాడైపోయాయి నాయనా, గంట వినపళ్లేదు. నేను వింటే కదా నలుగురినీ లేపేది," అంటూ ఆయననే ఓదార్చింది. "నీదేం లేదులే, మొహం అలా పెట్టకు."

మాస్టారు పచ్చజెండా చుట్టుకుంటూ గదిలోకి వెళ్లిపోయారు.

గంట ఆ సాయంత్రమే మళ్లీ ట్యాంకు మీదికెక్కినా, కొద్దినెలలకే మూసివేత ఉత్తర్వులు వచ్చాయి. ఆఖరి రైలుకు పచ్చజెండా ఊపిందీ, సిగ్నలు దీపాలు ఒక్కొక్కటే ఆర్పిందీ, గదికి తాళం వేసిందీ మాస్టారే. నీళ్ల ట్యాంకును, పట్టాముక్కతో సహా, పాత ఇనుము కింద కోసి పట్టుకుపోయారు. బస్సులో రెండు చోట్ల మారి ఆసుపత్రికి వెళ్లడం కూరల పెద్దమ్మ వల్ల కాలేదు. మొదట వారానికి ఒకసారి అయింది, తరువాత రెండు వారాలకు ఒకసారి అయింది, ఏడాది తిరగకుండానే ఆమె పోయింది. పాయింట్స్‌మన్ ఆ ఊళ్లోనే స్థిరపడి మూడేళ్ల కిందట కాలం చేశారు. గంట ఎందుకు మోగలేదో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన పోవడంతో ఆ సంగతి మొదటినుండీ తెలిసినవారు ఈ భూమ్మీద మాస్టారూ, ఆయన సతీమణీ మాత్రమే మిగిలారు.

అటు తరువాత పదకొండేళ్లు మాస్టారు మన మధ్య, కిటికీ పక్క టేబులు దగ్గర గడిపారు. ఆ టేబులుకు వచ్చేవి ప్రజల విన్నపాలు. స్టేషను మళ్లీ తెరవమని ఆ ఊరివారు ఏటా ఒక విన్నపం పంపేవారు, దానికి జవాబు ముసాయిదా రాయవలసింది మాస్టారే. తనిఖీ రోజున ప్రయాణికులెవరూ లేకపోవడం వల్ల విన్నపాన్ని పరిశీలించలేమని రాయాలి. ఆ టేబులు మార్చమని ఆయన అడిగితే, "ఆ స్టేషను మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసండీ?" అని అప్పటి అధికారి ఎంతో ఆదరంగా నిరాకరించారు. ఒక ఏడు మాస్టారు తెగించి, గంట సంగతి మొత్తం నోట్‌లో రాసి పైకి పంపారు. అది ఎర్ర గీతతో తిరిగి వచ్చింది. "ఇప్పుడివన్నీ ఎందుకు మాస్టారూ, సర్వీసు చివర్లో?" అన్నారు అధికారి. మంచికే అన్నారు. ఆ మధ్యాహ్నం మాస్టారు టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్లెవరో సముదాయించబోతే, "నా పిడికిలి పెద్దదిలే నాయనా," అన్నారు. ఈ ఏడు గోరుచుట్టు మీద రోకటిపోటులా లైను పట్టాలు కూడా పీకేశారు. ఇక విన్నపాలు రావు.

పదవీ విరమణ తరువాత ఎక్కడ ఉంటారని అడిగిన ప్రతివారికీ మాస్టారు ఒకటే జవాబు చెప్పారు. "ఆ ఊళ్లోనే. నేను మనిషిలా బతికింది అక్కడే." కూరల పెద్దమ్మ కూతురు, ఏభై దాటినా ఊరంతా ఇంకా కూరలమ్మాయి అనే పిలిచే ఆవిడ, తన ఇంటి ముందుగది ఇస్తానని మాట ఇచ్చింది కూడా. కాని గది చూడడానికి ప్రయాణం రేపనగా మాస్టారి సతీమణి ఆయనను సూటిగా అడిగారు. "అది చెప్పకుండా ఆ ఇంట్లో అన్నం సయిస్తుందా మీకు?"

పోయిన నెల ఒక ఆదివారం దంపతులిద్దరూ రెండు బస్సులు మారి ఆ ఊరు వెళ్లారు. దారిలో స్టేషను దగ్గర దిగి చూశారు. ట్యాంకు కాళ్లు నిలిపిన నాలుగు సిమెంటు దిమ్మెలు, ప్లాట్‌ఫారం మీద మోకాలెత్తు గడ్డి, పట్టాలు పోయిన దారిలో కంకర రాళ్ల వరుస మాత్రమే ఉన్నాయి. గదికి తాను వేసిన తాళం అలాగే ఉంది, గది పైకప్పు లేదు. మాస్టారు ఆ తాళాన్ని ఒకసారి లాగి చూశారట, సరిగా పడిందో లేదోనన్నట్టు.

కూరలమ్మాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది. బుట్టలు దాచుకునే గదిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, కిటికీకి కొత్త తలుపులు పెట్టించింది. "గాలి బాగా వస్తుంది మాస్టారూ. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో! గంట మాస్టారు మనింటికొచ్చారని ఊరంతా దండోరా వేసేది."

మాస్టారు గదిలో అడుగు పెట్టలేదు. "అమ్మాయ్, ఒక మాట చెప్తాను. విన్నాక గది ఇస్తావో మానతావో నీ ఇష్టం," అన్నారు. చెప్పారు. గంట దింపమన్నదీ, ట్రాలీ ముందే వచ్చిందీ, నోరు పెగలనిదీ, అన్నీ నిలబడే చెప్పారు. "ఆ రోజు మీ అమ్మ చెవులు బాగానే ఉన్నాయి తల్లీ. గంటే కింద ఉంది."

ఆమె కిటికీ తలుపు దగ్గరగా వేసింది. "అమ్మ పోయేదాకా తన చెవుల్నే తిట్టుకుంది మాస్టారూ," అన్నది. "నేను సరిగ్గా వినుంటే అందర్నీ లేపేదాన్ని, స్టేషను ఉండేది అని. మంచం మీద కూడా అదే మాట."

"నాకు తెలీదమ్మా."

"ఎందుకు చెప్పారు? ఇన్నేళ్లూ ఎవర్నీ ఏమీ అనుకోకుండా బతికాం. ఇప్పుడు దీన్ని నేనేం చేసుకోను?"

పెరటి వైపు వెళ్లి ఆమె కళ్లు తుడుచుకుని వచ్చింది. "గది మీదే. ఇస్తానన్నాను, ఇస్తాను. కానీ కొన్నాళ్లు నన్ను పలకరించకండి."

"ఎన్నాళ్లు తల్లీ?" అని మాస్టారి సతీమణి అడిగారు.

"ఏమో అత్తా. నాకేం తెలుసు?"

వచ్చే నెల మొదటివారంలో మాస్టారి సామాను ఆ గదికి చేరుతుంది. అక్కడ రైలు రాదు, గంట మోగదు, ఇంటివారు పలకరించరు. అన్నీ తెలిసే వెళుతున్నారు. ముప్పై ఆరేళ్ల నిష్కళంక సేవ అని జ్ఞాపికల మీద చెక్కించడం మనకు ఆనవాయితీ గాని, ఆ మాట చెక్కించవద్దని మాస్టారు స్వయంగా కోరారు గనుక, ఈసారి జ్ఞాపిక మీద చేరిన తేదీ, విరమించే తేదీ తప్ప మరేమీ ఉండదు.

ఇటువంటి వ్యాసాల చివర నిండు నూరేళ్లు వర్ధిల్లమని దీవించడం మర్యాద. నూరేళ్ల లెక్క మాకు అక్కరలేదు. కూరలమ్మాయి అన్న ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లయితే అన్నాళ్లు, అవి గడిచి ఒక ఉదయాన ఆమె వంటింట్లో నుండే "మాస్టారూ" అని పిలిచేదాకా, ఆ పిలుపు తొలిసారికే వినబడేంత మంచి చెవులతో మన గంట మాస్టారు ఆయురారోగ్యాలతో జీవించాలని కార్యాలయ సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నారు.